విద్యార్థుల పర్యవేక్షణ - పాఠశాల సిబ్బంది చట్టబద్ధ బాధ్యత

పాఠశాల ఉద్యోగి తన నియామకపు విధులలో లేని సందర్భంలో విద్యార్థులను కనిపెట్టుకొని ఉన్నప్పుడు వారికి ప్రమాదం జరిగితే ఎవరు, ఎంతవరకు బాధ్యులు అనే విషయాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. బడి గంటకు ముందు, తరువాత ఆవరణలో ఉండే పిల్లలు, సాయంత్రపు ప్రత్యేక తరగతులు, మధ్యాహ్న భోజనం, ఆటల పోటీలకు ప్రయాణం, విహారయాత్రలు, వసతిగృహంలో రాత్రి పర్యవేక్షణ ఇటువంటి సందర్భాలు.

భారతదేశంలో ఈ విషయానికై ప్రత్యేకించి ఒకే చట్టం లేదు. అపకృత్యాలకు (టార్టులకు) సంబంధించిన న్యాయసూత్రాలు, శిక్షాస్మృతి, బాలల చట్టాలు, ఉద్యోగ నియమావళి, న్యాయస్థానాల తీర్పులు కలిసి ఈ బాధ్యతను నిర్ణయిస్తాయి. ఆ పని ఉద్యోగి విధుల జాబితాలో ఉన్నదా లేదా అనేదానికంటే, ఆ సమయంలో పిల్లలు ఎవరి అధీనంలో ఉన్నారు అనే ప్రశ్నకే న్యాయస్థానాలు ఎక్కువ ప్రాధాన్యం ఇస్తాయి. అయితే పరిహారం ఎవరు చెల్లించాలి, శిక్ష ఎవరికి పడుతుంది, శాఖాపరమైన చర్య ఎవరిపై ఉంటుంది అనేవి మూడు వేర్వేరు ప్రశ్నలు. ఒక దానికి వచ్చిన సమాధానం మిగిలిన రెండింటికీ వర్తించనక్కరలేదు.

విధి, విధికి వెలుపలి పని

2009 నాటి బాలల ఉచిత, నిర్బంధ విద్యాహక్కు చట్టంలో ఉపాధ్యాయుల విధులు 24వ సెక్షనులో ఉన్నాయి. క్రమం తప్పక, వేళకు బడికి రావడం, పాఠ్యప్రణాళికను పూర్తి చేయడం, పిల్లల అభ్యసన స్థాయిని అంచనా వేయడం, తల్లిదండ్రులతో సమావేశం కావడం వాటిలో ముఖ్యమైనవి. 27వ సెక్షను ప్రకారం పదేళ్ళకొకసారి జరిగే జనాభా లెక్కలు, విపత్తు సహాయక చర్యలు, స్థానిక సంస్థలు, శాసనసభలు, పార్లమెంటు ఎన్నికలకు సంబంధించిన పనులు తప్ప విద్యేతర పనులను ఉపాధ్యాయులకు అప్పగించరాదు. 28వ సెక్షను ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పడాన్ని నిషేధిస్తుంది.

పిల్లల వెంట ఆటల పోటీలకు వెళ్ళడం, విజ్ఞానయాత్రకు తీసుకొని పోవడం, ఉదయపు స్టడీ అవర్లలో కూర్చోవడం వంటివి ఈ సెక్షన్లలో పేరు పేరునా కనిపించవు. అంతమాత్రాన అవి విద్యేతర పనులు కావు. పాఠశాల కార్యక్రమంలో భాగంగా ప్రధానోపాధ్యాయుడు అప్పగించిన పని, సిబ్బంది తాము ముందుకు వచ్చి చేసినా, సాధారణంగా ఉద్యోగంలో భాగంగానే పరిగణింపబడుతుంది. అందువలన "అది నా పని కాదు" అన్న సమాధానం పిల్లలను ఒకసారి అధీనంలోకి తీసుకున్న తరువాత పెద్దగా పనికిరాదు.

సంరక్షణ బాధ్యత

బడిలో ఉన్నంతసేపు ఉపాధ్యాయుడు పిల్లలకు తల్లిదండ్రుల స్థానంలో ఉంటాడనే భావన ఆంగ్లేయ న్యాయసంప్రదాయం నుండి వచ్చింది. 1893లో విలియమ్స్ వర్సెస్ ఈడీ అనే ఇంగ్లండు కేసులో, జాగ్రత్తపరుడైన తండ్రి తన బిడ్డల పట్ల చూపే శ్రద్ధనే ఉపాధ్యాయుడు చూపాలని న్యాయస్థానం చెప్పింది. తరువాతి కాలంలో ఒక్క తండ్రికి కొద్దిమంది బిడ్డలే ఉంటారని, తరగతిలో నలభై మంది ఉంటారని గమనించి న్యాయస్థానాలు ఈ కొలతను సందర్భానికి తగినట్లు సవరించుకున్నాయి. పిల్లల వయస్సు, సంఖ్య, స్థలం, ముందే ఊహించగల అపాయం అనే నాలుగు అంశాలను ముఖ్యంగా చూస్తారు. చెరువు గట్టున పదేళ్ళ పిల్లలు ముప్పై మంది ఉన్నప్పుడు కావలసిన జాగ్రత్త, తరగతి గదిలో పదో తరగతి విద్యార్థులు పది మంది ఉన్నప్పుడు అక్కరలేదు.

బడి వేళకు ముందటి సమయం గురించి 1977లో ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానం గేయర్ వర్సెస్ డౌన్స్ కేసులో ఇచ్చిన తీర్పు ప్రసిద్ధం. ఆ పాఠశాలలో ఉదయం 8 గంటలకే గేటు తెరిచేవారు. సిబ్బంది పర్యవేక్షణ మాత్రం 9 గంటలకు మొదలయ్యేది. ఆ మధ్యకాలంలో ఆటస్థలంలో ఎనిమిదేళ్ళ బాలికకు సాఫ్ట్‌బాల్ బ్యాటు తగిలి తలకు గాయమైంది. గేటు తెరిచి పిల్లలను లోపలికి రానిచ్చిన తరువాత వారిని చూసుకొనే బాధ్యత కూడా మొదలైనట్లేనని న్యాయస్థానం భావించింది.

1955 నాటి కార్మార్థెన్‌షైర్ కౌంటీ కౌన్సిల్ వర్సెస్ లూయిస్ కేసు ఇంకొక కోణాన్ని చూపుతుంది. ఉపాధ్యాయిని దెబ్బ తగిలిన ఒక పిల్లవాడికి కట్టు కడుతుండగా, నాలుగేళ్ళ మరొక పిల్లవాడు గేటు దాటి రోడ్డు మీదికి వెళ్ళాడు. వాడిని తప్పించబోయి ఒక లారీ డ్రైవరు మరణించాడు. గాయపడిన బిడ్డను చూసుకున్నందున ఉపాధ్యాయినిది నిర్లక్ష్యం కాదని, అంత చిన్న పిల్లవాడు సులువుగా బయటికి పోగలిగేట్లు ఏర్పాట్లు ఉండటం యాజమాన్యపు నిర్లక్ష్యమని ఇంగ్లండు ప్రభువుల సభ తీర్పు చెప్పింది. ఉద్యోగి తప్పు, సంస్థ తప్పు వేర్వేరుగా ఉండగలవని ఈ కేసు వలన తెలుస్తుంది.

పౌర బాధ్యత - పరిహారం చెల్లించేది ఎవరు

ఉద్యోగి తన ఉద్యోగ క్రమంలో చేసిన నిర్లక్ష్యానికి యజమాని పరిహారం చెల్లించాలి. దీనిని పరోక్ష బాధ్యత అంటారు. ఇక్కడ కీలకమైన మాట "ఉద్యోగ క్రమం". దీని హద్దులను భారత సుప్రీంకోర్టు పాఠశాలలకు సంబంధం లేని కేసులలోనూ వివరించింది.

1977లో పుష్పాబాయి ఉదేశీ కేసులో, కంపెనీ కారు నడుపుతున్న మేనేజరు మరొక వ్యక్తిని వెంట తీసుకొని వెళ్తుండగా ప్రమాదం జరిగింది. అది ఉద్యోగ క్రమంలోనిదేనని, కంపెనీ బాధ్యత వహించాలని కోర్టు చెప్పింది. 1978లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా వర్సెస్ శ్యామాదేవి కేసులో దీనికి భిన్నమైన ఫలితం వచ్చింది. ఖాతాదారు తరఫున డబ్బును బ్యాంకు కౌంటరులో కాక, పరిచయం వలన ఒక ఉద్యోగి చేతికి ఇచ్చారు. అతడు దానిని కాజేశాడు. అతడు స్నేహితుడిగా తీసుకున్నాడు గాని బ్యాంకు ఉద్యోగిగా కాదని, కనుక బ్యాంకు బాధ్యురాలు కాదని కోర్టు తీర్పు ఇచ్చింది.

ఈ రెండింటినీ బడికి అన్వయించి చూడవచ్చు. ప్రధానోపాధ్యాయుని అనుమతితో, పాఠశాల పేరున విద్యార్థులను యాత్రకు తీసుకొని వెళ్ళిన ఉపాధ్యాయుడు ఉద్యోగ క్రమంలో ఉన్నట్లే. అది ఆదివారమైనా, అతనికి అదనపు భత్యం లేకపోయినా పరిస్థితి మారదు. బడికి తెలియకుండా, తన ఇష్టంతో, పొరుగింటి పెద్దమనిషిగా నలుగురు పిల్లలను ఈతకు తీసుకొని వెళ్తే సంస్థ బాధ్యత నుండి తప్పుకొనే అవకాశం ఉంది. అప్పుడు కూడా పిల్లలను వెంట తీసుకొని వెళ్ళిన వ్యక్తిగా అతని స్వంత సంరక్షణ బాధ్యత మాత్రం పోదు. పైగా పరిహారపు భారం అతడు ఒంటరిగా మోయవలసి వస్తుంది.

ప్రభుత్వ పాఠశాలల విషయంలో పరిహారం ప్రభుత్వం మీద పడుతుంది. ప్రభుత్వ సంస్థల వలన ప్రాథమిక హక్కులకు భంగం కలిగినప్పుడు రిట్ పిటిషను ద్వారానే పరిహారం ఇప్పించవచ్చునని 1993లో నీలబతి బెహరా కేసులో సుప్రీంకోర్టు స్థిరపరిచింది. 2009లో అవినాష్ మెహరోత్రా కేసులో సురక్షితమైన పాఠశాల విద్యాహక్కులో భాగమని చెప్పింది. సంస్థ చెల్లించిన మొత్తాన్ని తప్పు చేసిన ఉద్యోగి నుండి తిరిగి రాబట్టే అవకాశం కూడా ఉంది. 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ వర్సెస్ ఎం.కె. గుప్తా కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వ సంస్థల అధికారుల విషయంలో ఈ సూత్రాన్ని పేర్కొంది.

బియాస్ నదిలో రెండు దుర్ఘటనలు

విహారయాత్రల విషయంలో భారతదేశంలో తరచు ఉదహరించే రెండు ఘటనలు బియాస్ నదిలోనే జరిగాయి.

మొదటిది 1995 మే 28న జరిగింది. పంజాబులోని పఠాన్‌కోట్ సమీపాన గల ఒక ప్రైవేటు పాఠశాల పిల్లలను ఉపాధ్యాయులు నది ఒడ్డుకు పిక్నిక్‌కు తీసుకొని వెళ్ళారు. 14 మంది చిన్నారులు మునిగిపోయారు. హిమాచల్ ప్రదేశ్ హైకోర్టు ఒక్కొక్క బిడ్డ తల్లిదండ్రులకు 5 లక్షల రూపాయల పరిహారం నిర్ణయించింది. 2001 ఆగస్టులో ఎం.ఎస్. గ్రేవాల్ వర్సెస్ దీప్ చంద్ సూద్ కేసులో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. పిక్నిక్‌లో పిల్లల వెంట ఉన్న ఉపాధ్యాయులు ఉద్యోగ క్రమంలోనే ఉన్నారని, కనుక వారి నిర్లక్ష్యానికి పాఠశాల బాధ్యత వహించాలని తేల్చింది. పిక్నిక్ పాఠం కాదు, పీరియడు కాదు. అయినా పిల్లలను బడి నమ్మకం మీదనే తల్లిదండ్రులు పంపారు.

రెండవది తెలుగువారికి మరింత బాధాకరమైనది. 2014 జూన్ 8న హైదరాబాదులోని వి.ఎన్.ఆర్. విజ్ఞానజ్యోతి ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు యాత్రలో భాగంగా హిమాచల్ ప్రదేశ్ మండీ జిల్లాలోని థలౌట్ వద్ద నదిలోకి దిగి ఫొటోలు తీసుకుంటున్నారు. ఎగువనున్న లార్జీ ఆనకట్ట నుండి విడుదలైన నీటి ప్రవాహంలో 24 మంది విద్యార్థులు, వారి వెంట ఉన్న యాత్రా నిర్వాహకుడు ఒకరు కొట్టుకొనిపోయారు. 2016 జనవరిలో హిమాచల్ ప్రదేశ్ హైకోర్టు ఒక్కొక్క విద్యార్థి కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. అందులో విద్యుత్ బోర్డు 60 శాతం, కళాశాల 30 శాతం, రాష్ట్ర ప్రభుత్వం 10 శాతం భరించాలని చెప్పింది.

ఈ తీర్పులో గమనించవలసినవి రెండు. ఒకటి, నీటిని వదిలినది వేరొకరే అయినా, అపరిచిత స్థలానికి విద్యార్థులను తీసుకొని వెళ్ళిన సంస్థ పూర్తిగా తప్పించుకోలేదు. రెండు, మరణించినవారు పసిపిల్లలు కాదు, కళాశాల విద్యార్థులు. అయినా సంస్థకు బాధ్యత ఉన్నది.

నేర బాధ్యత

పరిహారం చెల్లించేందుకు సాధారణ నిర్లక్ష్యం చాలు. జైలు శిక్షకు అంతకు మించినది కావాలి. నిర్లక్ష్యపు చర్య వలన మరణం సంభవిస్తే భారత శిక్షాస్మృతి 304ఏ సెక్షను కింద గరిష్ఠంగా రెండేళ్ళ జైలు ఉండేది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106(1) సెక్షను కింద ఇది ఐదేళ్ళకు పెరిగింది. ఇతరుల ప్రాణానికి, భద్రతకు అపాయం కలిగించే నిర్లక్ష్యపు చర్యలు, వాటి వలన కలిగే గాయాలు 125వ సెక్షను కిందికి వస్తాయి.

నేరం రుజువు కావడానికి నిర్లక్ష్యం తీవ్రమైనదిగా ఉండాలని 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది వైద్యుల విషయంలో వచ్చిన తీర్పు. మరణానికి ఆ చర్యే ప్రత్యక్ష కారణమై ఉండాలని 1965 నాటి కుర్బాన్ హుస్సేన్ కేసులో చెప్పింది. కనుక అనుమతి పత్రంపై సంతకం చేసినంత మాత్రాన, ఘటనాస్థలంలో లేని ప్రధానోపాధ్యాయుడు నేరస్థుడు కాడు. అయితే తెలిసి తెలిసి అపాయంలోకి నెట్టినప్పుడు శిక్ష కఠినంగానే ఉంటుంది. 2013 జూలై 16న బీహారు సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో మధ్యాహ్న భోజనంలో పురుగుమందు కలిసి 23 మంది పిల్లలు మరణించారు. 2016లో ఛాప్రా న్యాయస్థానం ఆ బడి ప్రధానోపాధ్యాయురాలికి దీర్ఘకాల జైలు శిక్ష విధించింది. వంట బోధన కాదు గాని, దాని పర్యవేక్షణ ఆమె చేతిలో ఉన్నది.

మేలు చేయాలనే సద్భావంతో చేసిన పనికి కొంత రక్షణ ఉంది. అత్యవసర పరిస్థితిలో ఎవరి అనుమతీ తీసుకొనే వ్యవధి లేనప్పుడు, బాధితుని మేలు కోరి చేసిన పని న్యాయ సంహిత 30వ సెక్షను ప్రకారం నేరం కాదు. పాత శిక్షాస్మృతిలో ఇది 92వ సెక్షను. రోడ్డు ప్రమాద బాధితులను ఆసుపత్రికి చేర్చినవారికి 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఏ సెక్షను రక్షణ కల్పిస్తుంది. బడి ముందర బండి గుద్దిన పిల్లవాడిని ఆసుపత్రికి తీసుకొని వెళ్ళడానికి ఉపాధ్యాయుడు జంకనవసరం లేదు.

బాలల చట్టాలు

2015 నాటి బాలల న్యాయ చట్టం 75వ సెక్షను ప్రకారం, బిడ్డ ఎవరి అధీనంలో ఉన్నాడో ఆ వ్యక్తి కొట్టడం, వదిలివేయడం, ఉద్దేశపూర్వకంగా పట్టించుకోకపోవడం వంటివి చేసి బిడ్డకు అనవసరమైన బాధ కలిగిస్తే మూడేళ్ళ వరకు జైలు లేదా లక్ష రూపాయల జరిమానా లేదా రెండూ ఉంటాయి. పిల్లల సంరక్షణ అప్పగించబడిన సంస్థలోని ఉద్యోగి అయితే ఇది ఐదేళ్ళ వరకు కఠిన శిక్షకు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానాకు పెరుగుతుంది. ఈ సెక్షనులో "అధీనం" అనే మాట ముఖ్యం. ఉద్యోగి హోదా ఏదని చట్టం అడగదు.

2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షను కింద పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజేయాలి. తెలియజేయకపోవడం 21వ సెక్షను కింద నేరం. సంస్థ అధిపతి తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచితే శిక్ష ఏడాది వరకు ఉంటుంది. ఇది బడి వేళలతోను, ఉద్యోగ విధులతోను సంబంధం లేని బాధ్యత.

శాఖాపరమైన చర్య

ప్రభుత్వ ఉపాధ్యాయులకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి, 1991 నాటి సి.సి.ఏ. నియమావళి వర్తిస్తాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రూపొందిన ఈ రెండూ తెలంగాణలో కూడా అనుసరింపబడుతున్నాయి. నిర్లక్ష్యం వలన గాని, ఉత్తర్వుల ఉల్లంఘన వలన గాని ప్రభుత్వానికి కలిగిన నష్టాన్ని జీతం నుండి రాబట్టడం అందులోని స్వల్ప దండనలలో ఒకటి. కోర్టు నిర్దోషి అన్న తరువాత కూడా శాఖాపరమైన విచారణ సాగవచ్చు, ఎందుకంటే అక్కడ కావలసిన రుజువు స్థాయి తక్కువ. అనుమతి లేకుండా యాత్రకు వెళ్ళిన ఉపాధ్యాయునికి ప్రమాదం జరగకపోయినా మెమో రావచ్చు.

బోధనేతర సిబ్బంది

అటెండరు, వాచ్‌మన్, వంట కార్మికులు, బస్సు సహాయకులు పిల్లలను చూసుకోవడం సాధారణంగా వారి నియామక పత్రంలో ఉండదు. ఉపాధ్యాయుడు సెలవులో ఉంటే "కాసేపు క్లాసు చూడు" అని అటెండరును కూర్చోబెట్టడం చాలా బడులలో ఉన్నదే. అటువంటప్పుడు అతని నుండి ఆశించే జాగ్రత్త ఒక సామాన్య వివేకవంతుడు చూపేదే గాని శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు చూపేది కాదు. శిక్షణ లేనివారికి పిల్లలను అప్పగించినందుకు అసలు తప్పు అప్పగించినవారిదిగా ఎంచబడవచ్చు. పాఠశాల బస్సులలో డ్రైవరుతో పాటు అర్హత గల సహాయకుడు ఉండాలని 1997లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది.

సిద్దిపేట ప్రాంతంలో

సిద్దిపేట జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. అంతకు ముందు సిద్దిపేట పట్టణం మెదక్ జిల్లాలో ఉండేది. ఆ ఉమ్మడి జిల్లాలోని మాసాయిపేట వద్ద 2014 జూలై 24న కాపలా లేని రైల్వే గేటు దాటుతున్న పాఠశాల బస్సును నాందేడ్ - సికింద్రాబాద్ ప్యాసింజరు రైలు ఢీకొని పదిమందికి పైగా విద్యార్థులు మరణించారు. బియాస్ ఘటన జరిగి అప్పటికి ఏడు వారాలు కూడా కాలేదు. ఇంటి నుండి బడికి మధ్యనున్న దారి ఎవరి బాధ్యత అనే ప్రశ్న ఈ ప్రాంతపు తల్లిదండ్రులలో అప్పటి నుండి బలంగా ఉన్నది. బడి నడిపే బస్సు ఎక్కిన క్షణం నుండి పిల్లలు బడి సంరక్షణలో ఉన్నట్లే. తల్లిదండ్రులు స్వయంగా కుదుర్చుకున్న ఆటో విషయంలో బడి బాధ్యత చాలా పరిమితం.

జిల్లాలో మల్లన్నసాగర్, కొండపోచమ్మసాగర్, రంగనాయకసాగర్ జలాశయాలు ఏర్పడిన తరువాత అవి సందర్శన స్థలాలుగా కూడా మారాయి. పట్టణంలోని కోమటిచెరువు, కొమురవెల్లి మల్లన్న ఆలయం, వర్గల్ సరస్వతీ ఆలయం కూడా బడిపిల్లల యాత్రలకు అనువైనవి. నీటి ఒడ్డున అపాయం ముందే ఊహించదగినది కనుక, బియాస్ తీర్పుల వెలుగులో చూస్తే ఇటువంటి చోట్ల సిబ్బంది నుండి ఆశించే జాగ్రత్త ఎక్కువ.

వర్గల్‌లోని జవహర్ నవోదయ విద్యాలయం వంటి ఆశ్రమ పాఠశాలలలోను, గురుకులాలలోను విధికి, విధికి వెలుపలి కాలానికి మధ్య గీత దాదాపు ఉండదు. హౌస్ మాస్టరు, వార్డెన్, రాత్రి విధిలో ఉన్న ఉపాధ్యాయుడు తరగతి ముగిసిన తరువాత కూడా పిల్లల సంరక్షకులే. తల్లిదండ్రులు దూరాన ఉంటారు కనుక అనారోగ్యాన్ని సకాలంలో గుర్తించి ఆసుపత్రికి పంపడం కూడా ఆ సంరక్షణలో భాగమే.

అంగీకార పత్రాలు

యాత్రకు ముందు "ఏమి జరిగినా పాఠశాలకు బాధ్యత లేదు" అని తల్లిదండ్రుల చేత సంతకం చేయించుకోవడం వాడుకలో ఉంది. యాత్ర సంగతి తల్లిదండ్రులకు తెలుసునని ఇది రుజువు చేస్తుంది. అంతకు మించి దీనిపై ఆధారపడలేము. నేర బాధ్యతను ఎవరి సంతకమూ తొలగించలేదు. బిడ్డ ప్రాణరక్షణకు సంబంధించిన బాధ్యతను ముందుగానే వదులుకొనే ఒప్పందాన్ని ప్రజాప్రయోజనానికి విరుద్ధమైనదిగా కోర్టులు చూడగలవు.

ఇతర దేశాలలో

అమెరికాలో పాల్ కవర్‌డెల్ ఉపాధ్యాయ రక్షణ చట్టం 2002లో అమలులోకి వచ్చింది. తన ఉద్యోగ పరిధిలో ఉండి, చట్టాలకు లోబడి పనిచేసిన ఉపాధ్యాయునికి వ్యక్తిగత బాధ్యత నుండి ఇది రక్షణ ఇస్తుంది. ఉద్దేశపూర్వకమైన తప్పుకు, తీవ్ర నిర్లక్ష్యానికి, వాహనం నడపడంలో జరిగిన ప్రమాదాలకు ఈ రక్షణ లేదు. భారతదేశంలో దీనికి సమానమైన చట్టం లేదు.

ఆచరణలో జాగ్రత్తలు

తీర్పులను బట్టి చూస్తే ఈ క్రింది ఏర్పాట్లు పిల్లలకు భద్రతను, సిబ్బందికి రక్షణను కలిగిస్తాయి.

* విధికి వెలుపలి పనిని నోటిమాటగా కాక ఆర్డరు బుక్కులో వ్రాతపూర్వకంగా అప్పగించడం, మూవ్‌మెంట్ రిజిస్టరులో నమోదు చేయడం.
* యాత్రకు సంబంధిత అధికారి అనుమతి ముందుగా పొందడం, బయలుదేరేటప్పుడు, దిగినప్పుడు, తిరిగి ఎక్కేటప్పుడు పేర్లు పిలిచి లెక్క చూసుకోవడం.
* బాలికలు ఉన్నప్పుడు ఉపాధ్యాయినిని వెంట పంపడం.
* నీరు, కొండ, రైలుమార్గం ఉన్న చోటికి ముందుగా ఒకరు వెళ్ళి చూసి రావడం, స్థానికులను విచారించడం.
* గేటు తెరిచే వేళను, పర్యవేక్షణ మొదలయ్యే వేళను ఒకటిగా ఉంచడం.
* శిక్షణ లేని సిబ్బందికి పిల్లలను ఒంటరిగా అప్పగించకపోవడం.
* సిబ్బంది సంఖ్య చాలదనిపిస్తే బయలుదేరకముందే వ్రాతపూర్వకంగా తెలియజేయడం.

కేసుల భయంతో యాత్రలను, ఆటలను పూర్తిగా మానివేసే బడులు కూడా ఉన్నాయి. పైన పేర్కొన్న తీర్పులలో ఏదీ పిల్లలను బయటికి తీసుకొని వెళ్ళడాన్ని తప్పుపట్టలేదు. తీసుకొని వెళ్ళినవారు చూసుకొనవలసిన దానిని చూసుకొన్నారా అనే ప్రశ్ననే విచారించాయి.